రోజువారీ ఆహారం, వెలుతురు, దీర్ఘకాలిక ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏం తింటున్నామన్నది చాలామంది పట్టించుకుంటారు. ఎంత వెలుతురులో, ఎంత చీకటిలో బతుకుతున్నామన్నది మాత్రం దాదాపు ఎవరూ లెక్కపెట్టరు. ఈ రెండూ శరీరంలో ఎక్కడ కలుస్తాయో, వాటిలో ఏది ఎంతవరకు నిరూపణ అయిందో, ఏది ఇంకా అనుమానం దశలోనే ఉందో పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నల వరుసలోనే ఇక్కడ వివరించాం.

ఆహారం ఒక విషయం, వెలుతురు మరో విషయం కదా. రెంటినీ కలిపి ఎందుకు చెబుతున్నారు?

వందేళ్ళ కిందటి ఒక జబ్బు కథ చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పొగ కమ్మిన పారిశ్రామిక నగరాల్లో పెరిగిన పిల్లలకు ఎముకలు మెత్తబడి కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగిపోయే రికెట్స్ అనే వ్యాధి అప్పట్లో విపరీతంగా ఉండేది. 1919లో లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలకు కొన్ని రకాల తిండి మాత్రమే పెట్టి ఈ జబ్బును రప్పించి, కాడ్ చేప కాలేయపు నూనెతో దాన్ని నివారించవచ్చని చూపించి, ఇది ఆహారలోపం వల్ల వచ్చేదని తేల్చాడు. అదే ఏడాది బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ ఆహారం జోలికే పోకుండా, పిల్లల మీద పాదరసపు దీపం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి పడేలా చేసి అదే జబ్బును నయం చేశాడు. ఇద్దరిలో ఎవరిది నిజమన్న వాదన కొన్నాళ్ళు నడిచింది, ఇద్దరిదీ నిజమే. నూనెలో ఉన్న పదార్థాన్నే, అంటే విటమిన్ డిని, చర్మం కాంతి సాయంతో తయారు చేసుకుంటుంది.

ఆ తరవాతి పరిశోధనలు ఈ బంధుత్వం ఒక్క విటమిన్‌తో ఆగిపోదని చూపించాయి. కంటిలో పడే వెలుతురూ కడుపులో పడే తిండీ రెండూ శరీరానికి "ఇప్పుడు సమయం ఎంత" అని చెప్పే సంకేతాలు. ఆ రెండు సంకేతాలు ఒకే మాట చెబుతున్నాయా, లేక ఒకటి పగలంటే మరొకటి రాత్రంటోందా అన్నది ఏళ్ళ తరబడి రక్తపోటు, చక్కెర, నిద్ర, బరువుల మీద ప్రభావం చూపుతుంది.

జీవ గడియారం అన్న మాట తరచుగా వింటున్నాం. అది నిజంగా ఉందా, లేక పోలిక కోసం వాడే మాటా?

నిజంగానే ఉంది. మెదడులో హైపోథలమస్ అనే భాగంలో, రెండు కళ్ళ నుంచి వచ్చే నాడులు కలుసుకునే చోటికి సరిగ్గా పైన, సుమారు 20 వేల నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉంటుంది. శరీరం మొత్తానికీ పెద్ద గడియారం అదే. బయటి నుంచి ఏ సూచనా అందకపోయినా అది దాదాపు 24 గంటల లయలో తన పని తాను చేసుకుపోతుంది. మొక్కల్లో ఇలాంటిది ఉందని 1729లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త ద మేరాన్ గమనించాడు: పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకునే మొక్కను పూర్తి చీకట్లో పెట్టినా అది వేళ తప్పకుండా ఆకులు విప్పుతూనే ఉంది. ఈ లయను నడిపే జన్యు యంత్రాంగాన్ని ఈగల మీద పరిశోధించి వివరించినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనిషి గడియారం కచ్చితంగా 24 గంటలది కాదు. సగటున 24 గంటలకు ఓ పది నిమిషాలు ఎక్కువ. కాబట్టి రోజూ దాన్ని కాస్త ముందుకు జరిపి సరిచేసుకోవాలి, ఆ పని చేసేది ప్రధానంగా ఉదయపు వెలుతురు. అయితే కాలేయం, క్లోమం, కొవ్వు కణాలు, కండరాలు, వీటన్నిటికీ వేటి చిన్న గడియారాలు వాటికున్నాయి. అవి పెద్ద గడియారం మాట వింటూనే, తిండి వేళలను బట్టి కూడా తమను తాము సర్దుకుంటాయి. ఎలుకలకు అవి సహజంగా నిద్రపోయే వేళలో మాత్రమే మేత పెట్టినప్పుడు కొన్నాళ్ళకు వాటి కాలేయపు గడియారం మేత వేళకు మారిపోయింది. మెదడు గడియారం మాత్రం వెలుతురునే పట్టుకుని పాత వేళలోనే ఉండిపోయింది. ఒకే ఇంట్లో రెండు గడియారాలు రెండు వేళలు చూపిస్తే ఎలా ఉంటుందో, శరీరంలో అలా ఉంటుందన్నమాట.

చూపు పూర్తిగా లేనివారికి కూడా వెలుతురు సమయం చెబుతుందా?

కొందరికి చెబుతుంది. రెటీనాలో, అంటే కంటి వెనక గోడనున్న పొరలో, బొమ్మను చూపించే కణాలు కాక, మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న కొద్దిపాటి కణాలు వేరే ఉన్నాయి. ఇవి సుమారు 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి అన్నిటికన్నా బలంగా స్పందించి, "ఎంత వెలుతురుంది" అన్న సమాచారాన్ని నేరుగా గడియారానికి పంపుతాయి. చూపు పోయినా ఈ కణాలు మిగిలి ఉన్నవారికి గడియారం సరిగ్గానే నడవవచ్చు. అవి కూడా లేనివారిలో చాలామందికి నిద్ర వేళలు రోజురోజుకూ జరుగుతూ పోతాయి.

పగలు ఎంత వెలుతురు కావాలి? మా గదిలో దీపాలు బాగానే వెలుగుతున్నాయి కదా.

కన్ను ఈ విషయంలో మనల్ని బాగా మోసం చేస్తుంది. వెలుతురు వంద రెట్లు తగ్గినా కొద్ది నిమిషాల్లో కన్ను సర్దుకుని "బాగానే ఉంది" అనిపిస్తుంది. కొలిచి చూస్తే తేడా తెలుస్తుంది. వెలుతురును లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. నిండు ఎండలో ఆరుబయట సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. దట్టంగా మబ్బు పట్టిన రోజున కూడా వెయ్యి నుంచి పదివేల లక్స్ దాకా ఉంటుంది. దీపాలు వేసిన మామూలు గదిలో 100 నుంచి 500 లక్స్ మించవు. అంటే మబ్బురోజు వీధి కూడా దీపాలన్నీ వెలిగించిన గది కన్నా ఎన్నో రెట్లు వెలుతురుగా ఉంటుంది.

ఫోన్‌లో లక్స్ కొలిచే ఆప్ ఒకటి వేసుకుని మీరే పరీక్షించవచ్చు. కొలత అంత కచ్చితంగా రాకపోయినా తేడాలు చూడడానికి సరిపోతుంది. ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒకసారి, కంటి ఎత్తులో, చూపు తిరిగిన వైపే నిలబెట్టి మరోసారి చూడండి. బల్ల మీద 300 చూపించినది కంటి దగ్గర సగానికో అంతకన్నా తక్కువకో పడిపోతుంది, ఎందుకంటే పైకప్పు దీపం వెలుతురు బల్ల మీద పడుతుంది గాని కంట్లోకి నేరుగా రాదు. తరవాత కుర్చీని కిటికీ వైపు తిప్పి చూడండి, ఆపైన కిటికీకి వీపు పెట్టి చూడండి. గది మారకుండా, దీపం మారకుండా, కుర్చీ ఒక్కటి తిప్పితే అంకె ఎంత మారుతుందో చూశాక ఈ విషయం మీద ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు.

2022లో ఈ రంగంలోని నిపుణుల బృందం ఒకటి ఆరోగ్యవంతులైన పెద్దలకు మూడు అంకెలు సూచించింది: పగలంతా కంటి దగ్గర కనీసం 250, పడుకునే ముందు మూడు గంటలు గరిష్ఠంగా 10, నిద్రపోయే గదిలో 1 మించకుండా. ఈ లెక్క మామూలు లక్స్‌లో కాదు. మెలనాప్సిన్ కణాలకు అందే భాగాన్ని బట్టి కట్టిన కొలత. పగటి వెలుతురులో రెండు అంకెలూ దగ్గరగా ఉంటాయి, పసుపు ఛాయ దీపం కింద ఈ అంకె మామూలు లక్స్‌లో దాదాపు సగమే వస్తుంది. ఒక కొవ్వొత్తి మీటరు దూరం నుంచి ఇచ్చే వెలుతురు సుమారు ఒక లక్స్ అని గుర్తు పెట్టుకుంటే సాయంత్రానికి ఎంత తక్కువ చాలునో ఊహకు అందుతుంది.

రాత్రి వెలుతురు వల్ల జబ్బులు వస్తాయని రుజువైందా?

కొంతవరకు రుజువైంది. ఏ ముక్క ఎంత గట్టిదో విడదీసి చెప్పాలి.

చీకటి పడ్డాక శరీరంలో పెరిగే మెలటోనిన్ అనే హార్మోన్‌ను వెలుతురు అణచివేస్తుందన్నది సందేహం లేని విషయం. 1980లోనే మనుషుల్లో చూపించారు. అప్పట్లో అందుకు 2,500 లక్స్ కావాలనుకున్నారు. తరవాతి ప్రయోగాల్లో సాయంత్రంపూట సగటున 25 లక్స్ దగ్గరే మెలటోనిన్ సగానికి తగ్గుతుందని, అయితే మనిషికీ మనిషికీ మధ్య ఈ సున్నితత్వం యాభై రెట్ల దాకా తేడాగా ఉంటుందని తేలింది. దీపం వేసుకుని హాయిగా నిద్రపోయేవారూ, తలుపు సందులోంచి వచ్చే వెలుతురుకే మెలకువ వచ్చేవారూ ఒకే ఇంట్లో ఉండడం వింతేమీ కాదు.

2022లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులైన 20 మంది యువతను తీసుకుని, సగం మందిని ఒక రాత్రి 100 లక్స్ వెలుతురులో నిద్రపుచ్చారు. చీకట్లో పడుకున్నవారితో పోలిస్తే వారికి రాత్రంతా గుండె వేగం ఎక్కువగా ఉంది, మర్నాడు ఉదయం ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం) పెరిగింది. నిద్ర పట్టలేదని వారెవరూ పెద్దగా ఫిర్యాదు చేయలేదన్నది గమనించాల్సిన సంగతి. ఒక్క రాత్రి ప్రయోగం నుంచి పదేళ్ళ జబ్బు గురించి తీర్పు చెప్పలేం గాని, ప్రభావం ఏ దారిన వెళుతుందో ఇది చూపించింది.

దీర్ఘకాలపు ఆధారం బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ 40 ఏళ్ళు దాటిన సుమారు 89 వేల మంది మణికట్టుకు వారంపాటు వెలుతురు కొలిచే పరికరం కట్టి, తరవాత కొన్నేళ్ళపాటు వారి ఆరోగ్యాన్ని గమనించారు. 2024లో వెలువడిన ఫలితాల్లో, రాత్రుళ్ళు ఎక్కువ వెలుతురులో గడిపినవారిలో మరణాల ముప్పు ఎక్కువగానూ, పగళ్ళు ఎక్కువ వెలుతురులో గడిపినవారిలో తక్కువగానూ కనిపించింది. ఇది గమనిక మాత్రమే, ప్రయోగం కాదు. నొప్పితోనో ఆయాసంతోనో రాత్రుళ్ళు లేచి దీపం వేసుకునేవారు ముందే జబ్బుతో ఉన్నవారు కావచ్చు. పగలు బయట తిరగగలిగేవారు ముందే ఆరోగ్యవంతులు కావచ్చు. పరిశోధకులు ఇలాంటివాటిని లెక్కలో సరిదిద్దడానికి ప్రయత్నించారు, కాని అలాంటి సవరణ ఎప్పటికీ సంపూర్ణం కాదు. నా అభిప్రాయంలో పడకగదిని చీకటి చేసుకోవడానికి ఈ ఆధారం చాలు, ఎందుకంటే దీపం ఆర్పడానికి ఖర్చూ లేదు, దుష్ఫలితమూ లేదు. ఇంకొకరిని భయపెట్టడానికి మాత్రం చాలదు.

ఫోన్ తెర, నీలి కాంతిని ఆపే కళ్ళద్దాల సంగతేమిటి?

ఫోన్ తెరకు ఉండాల్సిన దాని కన్నా ఎక్కువ చెడ్డపేరే వచ్చింది. 2015లో వచ్చిన ఒక ప్రయోగంలో 12 మంది ఐదు రాత్రులు వరుసగా, పడుకునే ముందు నాలుగేసి గంటలు, పూర్తి వెలుతురు పెట్టిన తెర మీద చదివారు. కాగితపు పుస్తకం చదివినప్పటితో పోలిస్తే నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఆలస్యమైంది, మెలటోనిన్ విడుదల కూడా ఆలస్యమైంది. పది నిమిషాలంటే చిన్నదే. గదిలో పైకప్పు దీపం కంటికి పంపే వెలుతురు చాలాసార్లు ఫోన్ తెర పంపేదాని కన్నా ఎక్కువ. ఫోన్ అసలు అపకారం, చూస్తూ చూస్తూ పడుకునే వేళను గంట వెనక్కి నెట్టడంలో ఉంది.

ఇక ఆ కళ్ళద్దాలు: వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలతో 2023లో చేసిన సమీక్ష, కంప్యూటర్ వాడకంతో వచ్చే కంటి అలసట వీటివల్ల తక్కువ కాలంలో తగ్గినట్టు కనిపించలేదని తేల్చింది. కొనకపోతే నష్టం లేదు.

రోజూ ఎంతసేపు ఎండలో ఉంటే విటమిన్ డి సరిపోతుంది?

అందరికీ వర్తించే నిమిషాల లెక్క లేదు, ఉందని చెప్పేవారిని నమ్మకండి. చర్మంలోని ఒక రకం కొలెస్టెరాల్ పదార్థం మీద 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యనున్న అతినీలలోహిత బి కిరణాలు పడితే విటమిన్ డికి మూలపదార్థం తయారవుతుంది. ఈ కిరణాలు వాతావరణం గుండా ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణిస్తే మధ్యలోనే ఆగిపోతాయి. అందుకే ఉదయం, సాయంత్రం ఎండ ఒంటికి హాయిగా ఉన్నా విటమిన్ డికి అంతగా పనికిరాదు. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల్లో శీతాకాలం మొత్తం చర్మం దాదాపు ఏమీ తయారు చేయలేదు. మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉందంటే ఆ కిరణాలు మీదాకా చేరుతున్నాయని స్థూలంగా అనుకోవచ్చు. చర్మం రంగు ఎంత ముదురైతే అంత ఎక్కువ సేపు కావాలి, వయసు పెరిగేకొద్దీ తయారీ సామర్థ్యం తగ్గుతుంది, బట్టలూ మబ్బులూ పొగా అన్నీ లెక్కలోకి వస్తాయి.

గాజు కిటికీ వెనక కూర్చుని ఎండ కాచుకోవడం గురించి చాలామంది అడుగుతారు. మామూలు గాజు బి కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, చర్మాన్ని ముడతలు పెట్టే ఎ కిరణాలను చాలావరకు లోపలికి రానిస్తుంది. అంటే విటమిన్ రాదు, ముడతలు వస్తాయి. ఎండలో ఎంతసేపున్నా విటమిన్ డి విషతుల్యం కాదు, ఎందుకంటే మోతాదు మించితే చర్మం దాన్ని పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. మాత్రల విషయంలో ఈ రక్షణ లేదు.

ఆహారంలో కొవ్వున్న చేపలు, గుడ్డు పచ్చసొన, విటమిన్ కలిపి అమ్మే పాలు ముఖ్య వనరులు. పుట్టగొడుగులను వండే ముందు కాసేపు ఎండలో పెడితే వాటిలోనూ ఒక రకం విటమిన్ డి తయారవుతుంది. వాటి చర్మం కూడా మన చర్మం చేసే పనే చేస్తుందన్నమాట. అమెరికాలో పెద్దలకు 70 ఏళ్ళ వరకు రోజుకు 600 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్), ఆపైన 800 ఐయూ సిఫార్సు, 4,000 ఐయూ గరిష్ఠ పరిమితి. లోపం లేనివారు మాత్రలు మింగితే లాభమేమిటన్నది అక్కడే 25,871 మందితో చేసిన పెద్ద ప్రయోగంలో పరీక్షించారు: రోజుకు 2,000 ఐయూ ఇచ్చినా క్యాన్సర్లు గాని, గుండెపోట్లు, పక్షవాతాలు గాని చెప్పుకోదగినంతగా తగ్గలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు. లోపం ఉన్నవారికి మాత్రం చికిత్స తప్పనిసరి. ఈ రెండు సంగతులనూ కలిపేయకూడదు.

ఎండ మంచిదంటారు, చర్మ క్యాన్సర్ వస్తుందనీ అంటారు. ఏది వినాలి?

రెండూ వినాలి. సూర్యరశ్మిని క్యాన్సర్ కలిగించే కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ద్వంద్వంగా వర్గీకరించింది. అయితే గడియారానికి కావలసిన వెలుతురు కంటికి అందాలి, చర్మానికి కాదు. అది ఉదయపు ఎండలోనూ, చెట్టు నీడలోనూ పుష్కలంగా దొరుకుతుంది. కాబట్టి బయట గడపడానికీ చర్మం కమలకుండా చూసుకోవడానికీ పోటీ లేదు. వాతావరణ సూచనల్లో ఇచ్చే యూవీ సూచిక (అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకె) 3కి గాని అంతకు పైకి గాని చేరితే టోపీ, నీడ, సన్‌స్క్రీన్ వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సూర్యుడి వైపు నేరుగా చూడడం ఏ వేళలోనూ ఎవరికీ మంచిది కాదు.

పిల్లల కళ్ళకు బయటి వెలుతురుతో సంబంధం ఉందా?

ఉంది, ఇది ఈ రంగంలో బలమైన ఆధారాలున్న విషయాల్లో ఒకటి. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ పెట్టి మూడేళ్ళు చూశారు. మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వస్తే, ఈ బడుల్లో 30.4 శాతానికి వచ్చింది. ప్రకాశవంతమైన వెలుతురు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలను పెంచి, కనుగుడ్డు అవసరానికి మించి పొడవు పెరగకుండా ఆపుతుందన్నది ప్రధాన వివరణ. అప్పటికే హ్రస్వదృష్టి వచ్చిన పిల్లల్లో అది పెరగకుండా ఆపడంలో ఈ లాభం అంత స్పష్టంగా లేదు. కాబట్టి కళ్ళద్దాలు వచ్చాక కన్నా రాకముందే పిల్లల్ని బయట ఆడనివ్వాలి.

ఆహారంలో ఒకే ఒక్కటి మార్చుకోమంటే ఏది మార్చుకోమంటారు?

ఉప్పు. ఇతర విషయాల్లో నిపుణుల మధ్య ఎన్ని తగవులున్నా, ఉప్పులో ఉండే సోడియం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుందనీ, రక్తపోటు గుండె, మెదడు, మూత్రపిండాలను దెబ్బతీస్తుందనీ అనడంలో పెద్దగా వివాదం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది; అంటే ఒక చెంచాడు కూడా నిండదు.

పొట్లాల మీద ఉప్పు అని కాక సోడియం అని రాస్తారు, అదీ తరచుగా 100 గ్రాములకు లెక్కగట్టి రాస్తారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. పొట్లం మీద "100 గ్రాములకు సోడియం 800 మి.గ్రా." అని ఉందనుకోండి. మీరు తిన్నది 60 గ్రాములు. 800లో 60 శాతం 480 మి.గ్రా. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది: 1,200 మి.గ్రా., అంటే 1.2 గ్రాములు. రోజంతటికీ ఉన్న హద్దులో దాదాపు పావు వంతు, భోజనం కాని ఒక చిరుతిండితోనే అయిపోయింది. ఈ లెక్క వారంపాటు వేస్తే చాలు, ఆ తరవాత లేబుల్ చూడకుండానే అంచనా తెలుస్తుంది.

ఉప్పులో కొంత భాగాన్ని పొటాషియం క్లోరైడ్‌తో మార్చడం మరో దారి. చైనాలోని 600 గ్రామాల్లో, ఇదివరకు పక్షవాతం వచ్చినవారూ, అరవై దాటి రక్తపోటు ఉన్నవారూ కలిపి సుమారు 21 వేల మందితో చేసిన ప్రయోగం 2021లో వెలువడింది. ఉప్పులో నాలుగో వంతు పొటాషియం లవణం కలిపి వాడిన గ్రామాల్లో ఐదేళ్ళ వ్యవధిలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదం. చివరి ప్రశ్న చూడండి.

రెండోదీ చెప్పమంటే పీచు. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పొట్టు తీయని ధాన్యాలు, పప్పులు, చిక్కుళ్ళు తింటే ఈ పీచు సులువుగా వస్తుంది. జిగురుగా ఉండే పీచు పేగుల్లో పైత్యరస ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపేయడంతో, వాటిని మళ్ళీ తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టెరాల్‌ను వాడుకుంటుంది. మిగిలిన పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి పేగు గోడకు ఆహారంగా మారుస్తాయి. పీచు తినడం మొదలుపెట్టేవారు కొద్ది వారాల్లో మెల్లగా పెంచుకోవాలి, లేకపోతే కడుపుబ్బరమే మిగులుతుంది.

ప్రాసెస్ చేసిన ఆహారం అంత చెడ్డదా? పాశ్చరైజ్ చేసిన పాలు కూడా ప్రాసెస్ చేసినవే కదా.

ప్రాసెస్ చేయడానికీ అతిగా ప్రాసెస్ చేయడానికీ తేడా ఉంది. వంటింట్లో ఎవరూ వాడని పదార్థాలతో, రుచి, రంగు, నిలవ కోసం కర్మాగారాల్లో తయారైనవాటినే రెండో కోవలో వేస్తారు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో 20 మందిని ఆసుపత్రి వార్డులోనే ఉంచి, రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసినది, రెండు వారాలు చేయనిది పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. వడ్డించిన ఆహారంలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు దాదాపు సమానంగా ఉండేలా చూశారు. అయినా అతిగా ప్రాసెస్ చేసినది తిన్న రోజుల్లో సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిని, రెండు వారాల్లో 0.9 కిలోలు పెరిగారు. ఎందుకు ఎక్కువ తిన్నారన్నదానికి మెత్తగా ఉండి నమలకుండానే తొందరగా దిగిపోవడం ఒక కారణం కావచ్చు. ప్రయోగం చిన్నదే, కాని ఇంత కట్టుదిట్టంగా చేసినవి పోషకాహార పరిశోధనలో అరుదు.

ఎప్పుడు తింటున్నామన్నది నిజంగా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది, కాని ప్రచారంలో ఉన్నంతగా కాదు. అదే భోజనం ఉదయం చేసినప్పటి కన్నా రాత్రి చేసినప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. చీకటి పడ్డాక పెరిగే మెలటోనిన్ క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను తగ్గించడం ఇందుకు ఒక కారణం. పడుకోబోయే ముందు పెద్ద భోజనం చేస్తే, శరీరం దుకాణం కట్టేసే వేళకు సరుకు దించినట్టవుతుంది. అందుకే రాత్రి భోజనాన్ని నిద్రకు రెండు మూడు గంటల ముందుకు జరిపితే మంచిది.

అయితే ఎనిమిది గంటల్లోనే తినడం ముగిస్తే బరువు దానంతటదే తగ్గుతుందన్న మాటకు గట్టి పరీక్షలో బలం చాలలేదు. స్థూలకాయం ఉన్న 139 మందికి ఏడాదిపాటు సమానంగా కేలరీలు తగ్గించి, సగం మందిని ఎనిమిది గంటల్లోనే తినమన్న ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. రెండు గుంపులూ బరువు తగ్గాయి. వేళ పాటించినవారు సగటున 8 కిలోలు, మిగతావారు 6.3 కిలోలు. ఆ తేడా గణాంకాల ప్రకారం లెక్కలోకి వచ్చేది కాదు. వేళ పాటించడం వల్ల కొందరు తక్కువ తింటారు, అది వారికి లాభమే. వేళలోనే మహత్తు ఉందనడం తొందరపాటు.

కాఫీ ఎన్ని గంటలకు ఆపాలి?

కెఫీన్ సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి మారుతుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మి.గ్రా. తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని ఒక ప్రయోగంలో తేలింది. మధ్యాహ్నంతో ఆపేయడం తేలిక. మద్యం నిద్ర పట్టిస్తుందనుకోవడం సగమే నిజం. రాత్రి రెండో సగంలో అది నిద్రను ముక్కలు చేస్తుంది.

కంటికి మంచివంటూ అమ్మే మాత్రలు వేసుకోవచ్చా?

విటమిన్ ఎ లేకపోతే మసక వెలుతురులో చూపునిచ్చే రొడాప్సిన్ అనే వర్ణకం తయారు కాదు, రేచీకటి వస్తుంది. ఆకుకూరల్లోనూ, పసుపు, నారింజ రంగు కూరగాయల్లోనూ ఉండే బీటా కెరోటిన్ లాంటి పదార్థాల నుంచి శరీరం ఈ విటమిన్‌ను తయారు చేసుకుంటుంది. ఆకుకూరల్లోని ల్యూటిన్, జియాజాంతిన్ అనే పసుపు వర్ణకాలు రెటీనా నడిమి భాగంలో చేరి నీలి కాంతిని కొంత వడగడతాయి. తిన్న ఆకుకూర, కంటిలో పడే వెలుతురుకు తెరగా నిలవడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఇంత మంచివైతే మాత్రగా చేసి మింగితే ఇంకా మంచిది కదా అనుకోవడం సహజం. ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారితో చేసిన ప్రయోగంలో సరిగ్గా అలాగే అనుకుని బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితాలు చూస్తే, మాత్ర తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. పొగతాగేవారు ఈ మాత్రకు దూరంగా ఉండాలి. మాక్యులా క్షీణత, అంటే రెటీనా నడిమి భాగం దెబ్బతినే జబ్బు, ఒక దశ దాటినవారికి ప్రత్యేకమైన మిశ్రమాలు వైద్యులు రాస్తారు. మిగతావారికి కూరలు చాలు.

ఒకరోజు మంచిదన్న పదార్థమే మరో రోజు చెడ్డదవుతోంది. ఏ పరిశోధనను నమ్మాలి?

విసుగు న్యాయమైనదే. ఆహారం మీద వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం గమనిక అధ్యయనాలవి: ఏం తింటారని జనాన్ని అడిగి, ఏళ్ళ తరవాత ఎవరికి ఏ జబ్బు వచ్చిందో చూస్తారు. గత నెల ఎన్నిసార్లు పప్పు తిన్నామో మనలో ఎవరికీ సరిగా గుర్తుండదు. పైగా కూరగాయలు ఎక్కువ తినేవారు నడకా ఎక్కువ నడుస్తారు, పొగా తక్కువ తాగుతారు.

ప్రయోగాలు కూడా తప్పులకు అతీతం కావు. ఆలివ్ నూనె, గింజలతో కూడిన మధ్యధరా ఆహారం గుండె జబ్బులను సుమారు 30 శాతం తగ్గిస్తుందని 2013లో స్పెయిన్ నుంచి ఒక పెద్ద ప్రయోగం వచ్చింది. తరవాత కొన్నిచోట్ల మనుషులను గుంపులుగా విడదీయడంలో పద్ధతి తప్పిందని బయటపడి, 2018లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకుని, లెక్కలు మళ్ళీ చేసి తిరిగి ప్రచురించారు. ఫలితం దాదాపు అదే వచ్చింది గాని, మాటల్లో తీవ్రత తగ్గించారు. ఇది చూసి పరిశోధనే బూటకమనేవారున్నారు. తప్పు దొరికాక అందరి ముందూ దిద్దుకోవడం నాకు నమ్మకం పెంచే పనిగానే కనిపిస్తుంది. పాఠకులుగా మనం అడగవలసినవి కొన్నే: ప్రయోగమా గమనికా, ఎంతమంది, ఎంతకాలం, ఆ పదార్థం బదులు మిగతావారు ఏం తిన్నారు. చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. సంతృప్త కొవ్వు తగ్గించి ఆ స్థానంలో గింజల నూనెలు వాడితే గుండెకు లాభం కనిపిస్తుంది; దాని బదులు మైదా, చక్కెర తింటే ఆ లాభం కనిపించదు.

రాత్రి షిఫ్టు తప్పనివారు ఏం చేయాలి?

గడియారాన్ని తలకిందులు చేసే రాత్రి పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్ళీ 2019లోనూ "బహుశా క్యాన్సర్ కలిగించేది" అన్న వర్గంలో పెట్టింది. చక్కెర వ్యాధి, గుండె జబ్బుల ముప్పు కూడా ఎక్కువే. పని మానేయమనడం సలహా కాదు కనుక, ఉన్నంతలో ఏం చేయవచ్చో చూద్దాం.

2021లో వెలువడిన ఒక ప్రయోగంలో 19 మందిని ప్రయోగశాలలో రాత్రి షిఫ్టు మాదిరిగా ఉంచారు. రాత్రీ పగలూ తిన్నవారిలో భోజనం తరవాతి రక్తపు చక్కెర 6.4 శాతం పెరిగింది. మెలకువ రాత్రే అయినా భోజనాలు పగటికే పరిమితం చేసినవారిలో పెరగలేదు. కాబట్టి షిఫ్టుకు వెళ్ళే ముందు కడుపునిండా తిని, నడిరాత్రి ఆకలేస్తే తేలికగా ఏదైనా తీసుకుని, ఇంటికి వచ్చాక కొద్దిగా తిని పడుకోవడం మేలు. షిఫ్టు మొదటి సగంలో ప్రకాశవంతమైన దీపాల కింద పనిచేసి, చివరి గంటల్లో వెలుతురు తగ్గించుకోవాలి. ఇంటికి వచ్చేటప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటే ఉదయపు వెలుతురు గడియారాన్ని మళ్ళీ పగలు వైపు లాగకుండా ఉంటుంది, కాని స్వయంగా బండి నడిపేవారు నిద్రమత్తు పెరుగుతుంది కనుక ఆ పని చేయకూడదు. పడకగది కిటికీలకు మందపాటి తెరలు పెట్టడానికి చేసే ఖర్చు వృథా కాదు. వారం వారం వేళలు మార్చే షిఫ్టులు అన్నిటికన్నా కష్టం. ఈ విషయంలో బాధ్యత ఉద్యోగి కన్నా వేళలు నిర్ణయించేవారిదే ఎక్కువ.

మందులు వాడుతున్నవారు ఎండ, ఆహారాల విషయంలో జాగ్రత్త పడాలా?

తప్పకుండా. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవారికి మామూలు ఎండకే చర్మం కమిలిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, స్పైరోనోలాక్టోన్ గాని, పేరు చివర "ప్రిల్", "సార్టాన్" ఉండే రక్తపోటు మందులు గాని వాడేవారు, పొటాషియం కలిపిన ఉప్పు మొదలుపెట్టే ముందు వైద్యుణ్ని అడగాలి; రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు గాని, ఒక వారం అసలు తినకుండా మరో వారం దండిగా తింటే మందు మోతాదు గాడి తప్పుతుంది, కాబట్టి ప్రతి వారం ఇంచుమించు ఒకే పాళ్ళలో తినాలి.

శీతాకాలపు కుంగుబాటుకు ఉదయం అరగంటపాటు 10,000 లక్స్ దీపం ముందు కూర్చునే చికిత్స ఉంది. బైపోలార్ వ్యాధి ఉన్నవారిలో అది ఉన్మాద దశను రేపవచ్చు, రెటీనా జబ్బులున్నవారికి కంటి పరీక్ష ముందు కావాలి. దీపం దుకాణంలో చీటీ లేకుండానే దొరుకుతుంది కాబట్టి చాలామంది దాన్ని మందుగా లెక్కించరు. మోతాదు, వేళ, దుష్ఫలితాలు దానికీ ఉన్నాయి.